సిరిమాను నుంచి కళింగపట్నం దాకా: వీడియోకి, లైవ్‌కి ఏ సామాను కొనాలి?

దసరా దగ్గరపడేసరికి నాకు ఏటా ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అన్నా, ఈసారి సిరిమానోత్సవం లైవ్ పెడదామనుకుంటున్నాను, ఏ కెమెరా కొనమంటావు?" అడిగేది బొబ్బిలి కుర్రాడైనా, పలాసలో వంటల ఛానల్ నడిపే చెల్లెమ్మ అయినా మాట కెమెరాతోనే మొదలవుతుంది. నేను తిరిగి అడిగేది వేరే ఉంటుంది. ఎక్కడ నిలబడి తీస్తారు? అక్కడ గాలి ఎంత? వెలుతురు ఎంత? సిగ్నల్ ఎంత? ఇవి తెలిస్తే కెమెరా పేరు చెప్పడం పెద్ద పని కాదు. ఇవి తెలియకుండా కొంటే లక్ష పెట్టిన కెమెరా కూడా బీరువాలోనే ఉండిపోతుంది. అలా ఉండిపోయినవి మా వీధిలోనే రెండు చూశాను. అందుకే కొట్టుకి వెళ్ళకముందు చేయాల్సిన పనితో మొదలుపెడదాం.

మొదట కాగితం మీద ఐదు వీడియోలు రాయండి

వచ్చే ఆరు నెలల్లో మీరు తప్పకుండా తీసే వీడియోలు ఐదు రాయండి. కలలు కాదు, నిజంగా తీసేవి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి: మీకూ తీసే మనిషికీ మధ్య దూరం, అక్కడి వెలుతురు, అక్కడి చప్పుడు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎక్కువమంది తీసేవి చూస్తే మూడు రకాల చోట్లు కనిపిస్తాయి.

ఒకటి జనం మధ్య. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్నే తీసుకోండి. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం, మధ్యాహ్నం దాటాక, మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. పూజారి కూర్చునేది పొడవాటి మాను చివర, చాలా ఎత్తులో. ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, ఏనుగు రథం నడుస్తాయి. బారికేడ్లు దాటి దగ్గరికి వెళ్ళలేరు. మొదట్లో మంచి ఎండ ఉంటుంది, చివరికి వచ్చేసరికి మసక పడుతుంది. ఇక్కడ దూరాన్ని దగ్గరికి లాగే జూమ్ కావాలి, ఎత్తయిన చోటు కావాలి.

రెండోది గాలి ఉన్న చోటు. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం, బారువ, భావనపాడు తీరాలు. వెలుతురుకి లోటు లేదు. గాలి హోరు, ఉప్పు, ఇసుక, ఈ మూడే ఇబ్బంది.

మూడోది ఇంటి లోపల. పొందూరులో నూలు వడికే ఇల్లు అనుకోండి. కిటికీ ఒక్కటే ఉంటుంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతున్న చేతులు జానెడు దూరం నుంచి కనపడాలి, రాట్నం చప్పుడు మెత్తగా వినపడాలి. దగ్గరి వస్తువు మీద ఫోకస్ నిలిచే లెన్సు, తక్కువ వెలుతురుని తట్టుకునే సెన్సర్ (కెమెరాలో బొమ్మని పట్టే ముక్క) కావాలి.

మీ ఐదు వీడియోల్లో మూడు ఏ రకంలోకి వస్తాయో చూడండి. దానికి సరిపడే కెమెరానే కొనండి. మిగతా రెండిటికీ సర్దుకోవచ్చు. అన్నిటికీ సరిపోయే చిన్న కెమెరా ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

కెమెరా: దేనికి ఏది

ముందుగా సెన్సర్ సంగతి. "1 అంగుళం సెన్సర్" అని పెట్టె మీద ఉంటే అది నిజంగా అంగుళం ఉంటుందనుకోకండి. కొలత 13.2 మిల్లీమీటర్లు బై 8.8. ఆ పేరు పాత టీవీ కెమెరాల గొట్టాల కాలం నుంచి వస్తోంది. అయినా మామూలు ఫోన్లలో ఉండేదానికంటే పెద్దదే. లెన్సు మార్చుకునే సోనీ చిన్న కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5 బై 15.6, అంటే 1 అంగుళం అనే దానికి మూడింతల వైశాల్యం. పొందూరు ఇంటి లాంటి చోట ఈ తేడా బాగా తెలుస్తుంది.

నడుస్తూ మాట్లాడుతూ తీసేవాళ్ళకి, సంతలో తిరిగేవాళ్ళకి, ఒంటరిగా పనిచేసేవాళ్ళకి నేను మొదట చెప్పేది డీజేఐ ఓస్మో పాకెట్ 3. 2023లో వచ్చింది. 1 అంగుళం సెన్సర్ని మూడు వైపులా తిరిగే చిన్న గింబల్ మీద కూర్చోబెట్టారు. నడిచినా బొమ్మ అదరదు. స్క్రీన్‌ని అడ్డంగా తిప్పితే ఆన్ అవుతుంది, నిలువుగా ఉంచితే రీల్స్ కొలత వస్తుంది. దీని లోపం జూమ్. లెన్సు ఒక్కటే, వెడల్పుగా చూపించేది. సిరిమానుని వంద మీటర్ల దూరం నుంచి తీస్తే అగ్గిపుల్ల అంత కనిపిస్తుంది. హెచ్‌డీఎంఐ సాకెట్ (బొమ్మని కేబుల్‌తో బయటికి పంపేది) కూడా లేదు. ఇది లైవ్ దగ్గర అడ్డం వస్తుంది, ఆ సంగతి కింద చెబుతాను.

కూర్చుని మాట్లాడేవాళ్ళు, వంటలు, వస్తువులు చూపించేవాళ్ళు సోనీ జడ్‌వీ-1 వరస చూడొచ్చు. 2020లో వచ్చిన జడ్‌వీ-1లో 24-70 జూమ్ (అంకె చిన్నదైతే వెడల్పు, పెద్దదైతే దగ్గర), లోపలే వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉన్నాయి. బ్యాటరీ మాత్రం చిన్నది. ఆపి ఆపి తీస్తే ముప్పావుగంట వస్తుంది, కాబట్టి అదనంగా రెండు బ్యాటరీలు కొనుక్కోవాలి. 2023లో వచ్చిన రెండో రకం 18-50. చేతిని చాచి పట్టుకుని ముఖం తీసుకునేటప్పుడు వెడల్పు బాగుంటుంది. జడ్‌వీ-1ఎఫ్ వీటికంటే చౌక, జూమ్ లేదు, ఫోకస్ కాస్త నెమ్మది. కెమెరా ముందుకు సీసా చూపించగానే ముఖం వదిలి సీసా మీదకి ఫోకస్ తెచ్చే "ప్రోడక్ట్ షోకేస్" సదుపాయం ఈ వరసలో ఉంది. జీడిపప్పు అమ్మేవాళ్ళకి, బుడితి ఇత్తడి సామాను చూపించేవాళ్ళకి అదొక్కటే బోలెడు శ్రమ తగ్గిస్తుంది.

పెళ్ళిళ్ళు, జాతరలు, స్టేజి ప్రోగ్రాములు లైవ్ ఇవ్వడమే పనిగా పెట్టుకుంటే లెన్సు మార్చుకునే కెమెరా మేలు. సోనీ జడ్‌వీ-ఈ10 2021 నుంచి ఉంది, 2024లో దాని రెండో రకం వచ్చింది. రెండో రకంలో పెద్ద బ్యాటరీ పెట్టారు. మైకు సాకెట్, ఇయర్‌ఫోన్ సాకెట్, హెచ్‌డీఎంఐ మూడూ ఉంటాయి. పొందూరు ఇంటికి ఒక లెన్సు, సిరిమానుకి 55-210 లాంటి జూమ్ లెన్సు. బాడీ లోపల అదురు ఆపే ఏర్పాటు లేదు కాబట్టి జూమ్ లెన్సుతో తీస్తే ట్రైపాడ్ తప్పదు.

చేతిలో ఇరవై వేలే ఉంటే కెమెరా కొనకండి. ఈ మాట నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఫోన్ ఉంది కదా. ఆ డబ్బుతో మంచి కాలర్ మైకు, గట్టి ట్రైపాడ్, ఒక లైటు, పవర్ బ్యాంకు కొనండి. ఆరు నెలలు తీశాక మీ ఫోన్ ఎక్కడ చాలట్లేదో మీకే తెలుస్తుంది. డబ్బు ఎక్కువ ఉన్నా సరే, మొత్తంలో సగానికి మించి కెమెరాకి పెట్టకండి.

కెమెరా పెట్టె తెరవగానే మార్చాల్సినవి

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చౌక ఎల్‌ఈడీలు, పందిట్లో కట్టే సీరియల్ లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. కంటికి కనపడదు గానీ, షటర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురుని లోపలికి వదిలే సమయం) దానికి కుదరకపోతే వీడియోలో నల్లటి గీతలు పాకుతుంటాయి. షటర్ని 1/50కి గానీ 1/100కి గానీ కట్టేయండి. సెకనుకి ఫ్రేములు 25 పెట్టుకుంటే 1/50 సరిగ్గా సరిపోతుంది. 30 ఫ్రేములు పెట్టినా షటర్ 1/50లో ఉంచితే మిణుకు రాదు. పెళ్ళి వీడియోలు పాడవడానికి నేను ఎక్కువసార్లు చూసిన కారణం ఇదే, సరిచేయడానికి పట్టేది అర నిమిషం.

అదే 1/50తో ఎండలో తీస్తే బొమ్మ తెల్లగా కాలిపోతుంది. దానికే ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్సుకి నల్లకళ్ళద్దాలు అనుకోండి. జడ్‌వీ-1లో లోపలే ఉంది, మెనూలో ఆన్ చేస్తే చాలు. జడ్‌వీ-ఈ10 తో వచ్చే 16-50 కిట్ లెన్సుకైతే 40.5 మిల్లీమీటర్ల ఫిల్టర్ విడిగా కొని బిగించాలి.

కార్డు మీద వీ30 అని ఉండాలి. సెకనుకి 30 ఎంబీ తగ్గకుండా రాస్తుందని దానర్థం. 4కేలో 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) పెడితే గంటకి 45 జీబీ అవుతుంది. 128 జీబీ కార్డు రెండున్నర గంటలు వస్తుందని లెక్క వేసుకోండి. నకిలీ కార్డులు చాలా తిరుగుతున్నాయి. కొన్నరోజే కార్డు మొత్తం నింపి, మళ్ళీ తెరిచి చూడండి. కంప్యూటర్ ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఆ పని తనే చేసిపెడుతుంది.

మైకు: ఇక్కడ డబ్బు దాచుకోకండి

బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట వినపడకపోతే పది సెకన్లలో వెళ్ళిపోతారు. కెమెరాలో ఉన్న మైకు చేయి దూరం దాటితే గదినే వింటుంది, మిమ్మల్ని కాదు.

మాట్లాడే మనిషికి వైర్‌లెస్ కాలర్ మైకు పెట్టండి. రోడ్ వైర్‌లెస్ గో 2, డీజేఐ మైక్ 2 లాంటివి చొక్కాకి పెట్టే ముక్కలోనే ఇంకో కాపీ రికార్డు చేసుకుంటాయి. మధ్యలో సిగ్నల్ తెగినా తరవాత అతికించుకోవచ్చు. డీజేఐ మైక్ మినీ చిన్నగా, చౌకగా ఉంటుంది, కానీ ఆ సదుపాయం లేదు. ఇంట్లో తీసేవాళ్ళకి అది చాలు. జాతరకి వెళ్ళేవాళ్ళు మాత్రం లోపల రికార్డు అయ్యే రకమే తీసుకోండి. ఈ మైకులు నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. ఫోన్ల వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే ఉంటాయి. మనిషి శరీరం కూడా ఆ సిగ్నల్ని అడ్డుకుంటుంది. కాబట్టి కంపెనీ చెప్పే వందల మీటర్లు మూడు లాంతర్ల సెంటర్లో పది పదిహేను మీటర్లకి పడిపోయినా ఆశ్చర్యం లేదు. మాట్లాడేవాళ్ళు కెమెరాకి వీపు తిప్పకుండా చూసుకోండి.

కేబుల్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండు ఉంటే కెమెరాది, మూడు ఉంటే ఫోన్ది. ఒకదానిది ఇంకోదానికి పెడితే అసలు మాట రాకపోవచ్చు. రెండు రకాలూ సంచీలో ఉంచుకోండి.

సముద్రపు ఒడ్డున మైకుతో వచ్చే నల్ల స్పాంజి చాలదు. బొచ్చు తొడుగు కావాలి. కళింగపట్నంలో మధ్యాహ్నం గాలికి స్పాంజి పెట్టిన మైకులో హోరు తప్ప ఏమీ రాలేదు, బొచ్చు తొడుగు పెట్టాక అదే చోట మాట శుభ్రంగా వచ్చింది. మైకులో "లో కట్" (మోత లాంటి మందపు శబ్దాన్ని తగ్గించేది) ఉంటే ఆన్ చేయండి. పొద్దున్నే వెళ్తే గాలి తక్కువ, వెలుతురూ బాగుంటుంది. సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు కాబట్టి నీళ్ళు వెనక పెట్టుకుని నిలబడితే ముఖం నల్లబడుతుంది. ఒక థర్మాకోల్ షీటు ముందు నుంచి పట్టుకోమనండి, ముఖం మీద వెలుగు పడుతుంది.

తప్పెటగుళ్ళు తీసేవాళ్ళకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. రొమ్ముకి కట్టుకున్న రేకు తప్పెట మీద దెబ్బ పడగానే శబ్దం ఒక్కసారిగా లేస్తుంది, కాళ్ళ గజ్జెలు దానికి తోడవుతాయి. మైకు గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచాలనే స్థాయి) ఆటోలో ఉంటే ప్రతి దెబ్బకీ పాట మునిగి, మళ్ళీ నెమ్మదిగా పైకి తేలుతుంది. వింటుంటే ప్రాణం ఉసూరుమంటుంది. గెయిన్ని చేత్తో పెట్టండి. వాళ్ళు గట్టిగా ఆడుతున్నప్పుడు ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తిరగాలి, సున్నాని ఎప్పుడూ తాకకూడదు. మైకులో "సేఫ్టీ ట్రాక్" ఉంటే తప్పక ఆన్ చేయండి, అదే మాటని ఇంకాస్త తక్కువ స్థాయిలో రెండో కాపీగా దాస్తుంది. పాడే గురువుకి కాలర్ మైకు, బృందానికి కాస్త దూరంగా ఇంకో మైకు, ఈ రెండూ ఉంటే పాటలో మాట కూడా పోదు. మన కళలు ఎంత బాగా రికార్డు అయితే అంత కాలం నిలుస్తాయని నా నమ్మకం, అందుకే ఇంతగా చెబుతున్నాను.

స్టేజి ప్రోగ్రాముకి సౌండ్ వాళ్ళ మిక్సర్ నుంచి లైన్ తీసుకుంటే బాగుంటుంది. కానీ ఆ లైను మైకు కంటే చాలా బలంగా వస్తుంది. నేరుగా కెమెరాలో గుచ్చితే బరబరమంటుంది. శబ్దాన్ని తగ్గించే అటెన్యుయేటర్ కేబుల్ మధ్యలో పెట్టండి. "బుయ్" మని కరెంటు మోత వస్తే లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి, చాలాసార్లు అక్కడితో పోతుంది. సౌండ్ అబ్బాయితో ప్రోగ్రాముకి గంట ముందే మాట్లాడుకోండి. మొదలయ్యాక అడిగితే ఆయనకీ కుదరదు.

వెలుతురు

దీనికి ఎక్కువ ఖర్చు అక్కర్లేదు. పగలు కిటికీకి ఎదురుగా మనిషిని కూర్చోబెట్టండి, కిటికీ వాళ్ళ వెనక ఉండకూడదు. రాత్రికి ఒక ఎల్‌ఈడీ ప్యానెల్, దాని ముందు తెల్లటి పల్చటి గుడ్డ చాలు. లైటు పెట్టె మీద సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 95 పైన ఉందో లేదో చూడండి, తక్కువైతే ముఖాలు పచ్చగా, పాలిపోయినట్టు వస్తాయి.

లైవ్: కెమెరా నుంచి యూట్యూబ్ దాకా దారి

ఛానల్‌లో లైవ్ సదుపాయాన్ని ముందే ఆన్ చేసుకోండి. మొదటిసారి అడిగితే యూట్యూబ్ 24 గంటల వరకూ సమయం తీసుకుంటుంది. పండగ రోజు పొద్దున్న అడిగి ఏడ్చినవాళ్ళు ఉన్నారు. ఫోన్ యాప్ నుంచి నేరుగా లైవ్ పెట్టాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి.

దారులు మూడు. ఫోన్‌కి మైకు పెట్టి నేరుగా ఇవ్వడం మొదటిది, అన్నిటికంటే చెడిపోవడానికి తక్కువ అవకాశం ఉన్నది. రెండోది పాకెట్ 3 లాంటి దాన్ని ఫోన్ యాప్‌కి కలిపి, అక్కడ యూట్యూబ్ ఇచ్చిన ఆర్‌టీఎంపీ చిరునామా (లైవ్ వెళ్ళాల్సిన చోటు), స్ట్రీమ్ కీ (మీ ఛానల్ తాళంచెవి) పెట్టి పంపడం. హెచ్‌డీఎంఐ లేదు కాబట్టి దానికి యాప్ గానీ, యూఎస్‌బీతో వెబ్‌క్యామ్‌లా లాప్‌టాప్‌కి కలపడం గానీ తప్ప వేరే దారి లేదు. స్ట్రీమ్ కీని ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి, అది దొరికినవాళ్ళు మీ ఛానల్‌లో లైవ్ పెట్టగలరు.

మూడోది అసలైన దారి. కెమెరా హెచ్‌డీఎంఐ నుంచి క్యాప్చర్ కార్డుకి (కెమెరా బొమ్మని లాప్‌టాప్‌లోకి తెచ్చే చిన్న ముక్క), అక్కడి నుంచి లాప్‌టాప్‌లో ఓబీఎస్ స్టూడియోకి. లైవ్ పంపే ఈ ఓబీఎస్ ప్రోగ్రాం పూర్తిగా ఉచితం. కెమెరా కొనేటప్పుడే "క్లీన్ హెచ్‌డీఎంఐ" వస్తుందా అని అడగండి. రాకపోతే బ్యాటరీ గుర్తు, ఫోకస్ గడి అన్నీ లైవ్‌లో కనపడతాయి. చిన్న కెమెరాల్లో ఉండేది మైక్రో హెచ్‌డీఎంఐ, చాలా సున్నితం. కేబుల్‌ని కెమెరా కింద ఒక టేపుతో కట్టేయండి, ఎవరి కాలు తగిలినా సాకెట్ విరగదు. క్యాప్చర్ కార్డు చౌక రకమైనా 1080 వరకూ పనిచేస్తుంది. గంటలకొద్దీ వాడితే వేడెక్కి ఆగిపోయేవి ఉంటాయి. కొన్నాక ఇంట్లో మూడు గంటలు నడిపి చూశాకే నమ్మండి. రెండు మూడు కెమెరాలు కలపాలంటే బ్లాక్‌మ్యాజిక్ ఏటెమ్ మినీ తీసుకోవచ్చు, నాలుగు హెచ్‌డీఎంఐలు పడతాయి. లాప్‌టాప్ లేకుండా అదే నేరుగా నెట్‌కి పంపాలంటే మినీ ప్రో ఉండాలి.

మైకుని కెమెరాకే పెట్టండి. లాప్‌టాప్‌కి పెడితే బొమ్మ ఆలస్యంగా, మాట ముందుగా వస్తుంది. తప్పనిసరైతే కెమెరా ముందు ఒక చప్పట కొట్టి, ఓబీఎస్‌లో సింక్ ఆఫ్‌సెట్ మార్చుకుంటూ రెండూ కలిసేదాకా సర్దండి.

పందిట్లో వేసే సినిమా పాటలు లైవ్‌లోకి వస్తే హక్కుల సమస్యతో లైవ్‌ని మధ్యలో ఆపేసే అవకాశం ఉంది. డీజే పెట్టెలకి దూరంగా ఉండండి, పాట మొదలైతే బయటి మైకుని తగ్గించి మీ మాటనే ఉంచండి. గుడుల్లో అయితే ఆలయ కార్యాలయంలో ముందే అనుమతి అడగండి. గర్భాలయం వైపు కెమెరా తిప్పకండి.

నెట్: ముహూర్తం మళ్ళీ రాదు

కొన్నేళ్ళ కిందట చీపురుపల్లి దగ్గర మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళి. పిల్ల అన్నయ్య దుబాయ్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదు. "బాబాయ్, నువ్వు లైవ్ పెడితే చాలు, నేను అక్కడున్నట్టే" అన్నాడు. 1080లో 6 ఎంబీపీఎస్ పెట్టాను. బొమ్మ అద్దంలా ఉంది. ముప్పావుగంట తరవాత, సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, ఆగిపోయింది. నా సిమ్‌లో రోజుకి 2 జీబీ. అది అయిపోయింది, వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోయింది. రీఛార్జి చేసి మళ్ళీ పెట్టేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. అబ్బాయి ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి లెక్క వేయకుండా లైవ్ బటన్ నొక్కలేదు.

లెక్క ఇది. 8 బిట్లు ఒక బైటు. 4 ఎంబీపీఎస్‌తో పంపితే సెకనుకి అర ఎంబీ, నిమిషానికి 30 ఎంబీ, గంటకి 1.8 జీబీ. 6 ఎంబీపీఎస్ అయితే గంటకి 2.7 జీబీ. మూడు గంటల పెళ్ళికి ఎంతవుతుందో గుణించి, అంతకి డేటా ప్యాక్ ముందురోజే వేయించుకోండి. 5జీ అన్‌లిమిటెడ్ అని ధైర్యంగా ఉండకండి. ఆ ఊళ్ళో 5జీ అందకపోతే రోజువారీ కోటాలోంచే కోత పడుతుంది.

స్పీడ్ టెస్టులో పైన పెద్దగా కనపడే డౌన్‌లోడ్ అంకె మనకి అక్కర్లేదు. అప్‌లోడ్ చూడండి. మీరు సెకనుకి పంపే బిట్‌రేటుకి రెండింతలు అప్‌లోడ్ ఉండాలి. పల్లెల్లో నేను 720, 30 ఫ్రేములు, 3 నుంచి 4 ఎంబీపీఎస్ మించి వెళ్ళను. చూసేవాళ్ళు ఎక్కువమంది ఫోన్లలోనే చూస్తారు, ఆగకుండా వచ్చే 720 వాళ్ళకి హాయిగా ఉంటుంది. ఓబీఎస్‌లో సీబీఆర్ (బిట్‌రేటుని ఒకేలా ఉంచేది), కీఫ్రేమ్ 2 సెకన్లు పెట్టండి. అడ్వాన్స్‌డ్‌లో నెట్ తగ్గినప్పుడు బిట్‌రేటుని తనే తగ్గించుకునే ఎంపిక ఉంది, ఆన్ చేయండి. యూట్యూబ్‌లో లేటెన్సీ (చూసేవాళ్ళకి చేరే ఆలస్యం) "నార్మల్" ఉంచండి, నెట్ ఒక్క క్షణం తడబడినా చూసేవాళ్ళకి తెలియదు.

రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు దగ్గర పెట్టుకోండి. ముందురోజు అదే చోట, అదే సమయానికి రెండిటినీ కొలవండి. ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య ఇళ్ళలో సిగ్నల్ లోపలికి రాదు. నెట్ ఇచ్చే ఫోన్‌ని డాబా మీద నీడలో పెట్టి, కింద హాట్‌స్పాట్ పట్టుకుంటే పని జరుగుతుంది. ఫోన్ పక్కనే ఉండే చోటైతే హాట్‌స్పాట్ కంటే యూఎస్‌బీ కేబుల్‌తో ఇవ్వడం నమ్మకం.

సిరిమాను రోజు మాత్రం సిమ్‌లని నమ్మకండి. లక్షల మంది ఒకే టవర్ల మీద పడతారు. ముందురోజు తొల్లేళ్ళనాడు వచ్చిన స్పీడు మర్నాడు సగం కూడా రాదు. ఊరేగింపు దారిలో తెలిసినవాళ్ళ మేడ చూసుకోండి, వాళ్ళింట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే ఒక పొడవాటి లాన్ కేబుల్ తీసుకెళ్ళండి. వంద మీటర్ల వరకూ అది బాగా పనిచేస్తుంది. మేడ మీద నుంచి జూమ్ లెన్సు, కింద నుంచి వైరు నెట్. సిరిమాను లైవ్‌కి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు. వాళ్ళకి ముందే చెప్పి, ఆ గంటలో ఇంట్లో టీవీ, ఫోన్లు ఆ నెట్ మీద నడపకుండా చూడమనండి.

కరెంటు, వేడి, ఉప్పు

ఊళ్ళో ఎప్పుడు కరెంటు పోతుందో ఎవరికీ తెలియదు. రౌటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టండి. చిన్నదే, రెండు మూడు గంటలు లాగుతుంది. కెమెరాకి డమ్మీ బ్యాటరీ (బ్యాటరీ చోట పెట్టి కరెంటుతో నడిపేది) గానీ, యూఎస్‌బీ-సీ ఉంటే పీడీ పవర్ బ్యాంకు గానీ వాడండి. జనరేటర్ కరెంటు నేరుగా సామానుకి ఇవ్వకండి.

మే నెల ఎండలో చిన్న కెమెరా 4కే తీస్తూ వేడెక్కి ఆగిపోవడం మామూలే. సోనీలో "ఆటో పవర్ ఆఫ్ టెంప్" ని హై పెట్టండి, స్క్రీన్‌ని బాడీ నుంచి తెరిచి దూరంగా ఉంచండి, గొడుగు పట్టండి. లైవ్‌కి ఎలాగూ 4కే అక్కర్లేదు, 1080కి మారిస్తే వేడి బాగా తగ్గుతుంది.

తీరం నుంచి వచ్చాక తడి గుడ్డ పిండి కెమెరా బయటంతా తుడిచి, తరవాత పొడి గుడ్డతో తుడవండి. జూమ్ లెన్సు బయటికి వచ్చే కెమెరాల్లో ఇసుక దూరితే లెన్సు ఇరుక్కుపోతుంది, ఒడ్డున ఇసుక మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి. వానాకాలంలో మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో దాచండి. గాలిలో తేమకి లెన్సు లోపల బూజు పడితే మళ్ళీ మామూలు అవడం కష్టం.

కొనే రోజు

జీఎస్టీ బిల్లు లేకుండా ఒక్క వస్తువు కూడా తీసుకోకండి. బయటి దేశం నుంచి తెచ్చిన పెట్టె కాస్త చౌకగా దొరుకుతుంది, కానీ ఇక్కడి వారంటీ ఉండదు. వారంటీ కంపెనీదా, కొట్టువాళ్ళదా అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. రిపేరు వస్తే ఎక్కడికి పంపాలి అన్నది కూడా అప్పుడే అడగండి. సెకండ్ హ్యాండ్ అయితే పగటిపూట వెళ్ళండి. తెల్ల గోడని తీసి బొమ్మలో మచ్చలున్నాయేమో చూడండి, మైకు, హెచ్‌డీఎంఐ, ఛార్జింగ్ సాకెట్లు మూడూ కేబుల్ పెట్టి కదిలించి చూడండి, ఇరవై నిమిషాలు ఆపకుండా రికార్డు చేయండి. అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. మైకు, ట్రైపాడ్ ఇవాళ, కెమెరా దసరాకి, క్యాప్చర్ కార్డు మొదటి పెళ్ళి ఆర్డరు వచ్చాక.

ముందురోజు, మర్నాడు

లైవ్‌కి ముందురోజు అదే చోట, అదే సామానుతో "అన్‌లిస్టెడ్" (లింకు ఉన్నవాళ్ళకే కనపడేది) పెట్టి అరగంట నడపండి. దూరంగా ఉన్న ఒకరికి లింకు పంపి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినమనండి. మీ లాప్‌టాప్‌లో బాగుండటం చాలదు, అవతల చెవిలో ఎలా ఉందో తెలియాలి. సంచీలో చివరగా చూసుకోవాల్సినవి: టేపు, రెండు రకాల మైకు కేబుళ్ళు, అదనపు హెచ్‌డీఎంఐ, ఎక్స్‌టెన్షన్ బాక్సు, మంచినీళ్ళు.

లైవ్ నడుస్తున్నంతసేపూ కెమెరాలో కార్డు మీద కూడా రికార్డు అవుతూ ఉండాలి. నెట్ పోయినా అది మిగులుతుంది. కొన్ని కెమెరాలు యూఎస్‌బీతో స్ట్రీమ్ చేస్తున్నప్పుడు కార్డు మీద రాయవు, అందుకే నేను హెచ్‌డీఎంఐ దారినే వాడతాను. ఇంటికి రాగానే, ఎంత అలసిపోయినా, కార్డుని రెండు చోట్ల కాపీ చేయండి, ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో. రెండో కాపీని తెరిచి మొదలు, మధ్య, చివర ఒక్కో నిమిషం చూశాకే కార్డు ఫార్మాట్ చేయండి.